ఏశెకు అని పేరు పెట్టి మరీ కదిలాడు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. నాయన పోయినాక అన్నా నేనూ చెరి మూడెకరాలు పంచుకున్నాం. బోరు ఉమ్మడి అని మాట. కానీ అది అన్న భాగంలో పడింది. రెండేండ్లుగా నాకు నీళ్లు వదలడం లేదు. నా చీనీ (బత్తాయి) చెట్లకు నాలుగేండ్లు. ట్యాంకరు నీళ్లతో బతికించుకుంటున్నా. మా చర్చి సంఘపెద్ద "ఇస్సాకు బావులు వదిలేసి పోలేదా, నువ్వూ వదిలెయ్" అంటున్నాడు. వదిలెయ్యాల్నా?

జవాబు: నాయనా, నీ ఉత్తరం మూడుసార్లు చదివినా. బైబిల్లో ఆదికాండం 26వ అధ్యాయం తెరిచి పక్కన పెట్టుకో.

అది కరువు కాలం. బెయేర్షెబా ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 200 మిల్లీమీటర్లు. కరువు జిల్లా అని పేరుపడిన మన అనంతపురంలోనే 550 దాకా పడుతుంది. అట్లాంటి నేలలో బావి అంటే మనుషులకూ గొడ్డూగోదకూ ప్రాణమే. ఇస్సాకు నాయన అబ్రాహాము తవ్వించిన బావుల్ని ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చారు. ఇస్సాకు మళ్లీ తవ్వించాడు. గెరారు లోయలో జల పడిందో లేదో, అక్కడి కాపరులు "ఈ నీరు మాదే" అని జగడానికొచ్చారు.

మీ సంఘపెద్ద ఇక్కడినుంచి ఒక్క దూకున "వదిలేసి పోయినాడు" దగ్గరికి పోయినాడు. మధ్యలో ఒక మాట ఉంది. ఇస్సాకు ఆ బావికి ఏశెకు అని పేరు పెట్టాడు, అంటే జగడం. రెండోదానికి శిత్నా, అంటే పగ. ఆ తర్వాత మందలు తోలుకొచ్చిన ప్రతివాడూ ఆ పేర్లు నోటితో పలకాల్సిందే. జరిగిన అన్యాయాన్ని ఆయన జరగనట్టు మింగలేదు. తర్వాత ఫిలిష్తీయుల రాజు అబీమెలెకు బెయేర్షెబాకు వచ్చినప్పుడు కూడా, నన్ను పగబట్టి పంపేసినారే, ఇప్పుడెందుకొచ్చినారు అని ముందు అడిగాడు. అడిగినాకే విందు పెట్టాడు. తెల్లారి ప్రమాణాలు చేసుకున్నారు. నీళ్లు పడినాయని పనివాళ్లు కబురు తెచ్చింది ఆ దినమే.

ఇంకొకటి. ఇస్సాకువి గుడారాలు, మందలు. పీకి ఇంకో చోట వేసుకోగలడు. నాలుగేండ్ల చీనీ చెట్టును ఎక్కడికి తోలుకుపోతావు? కదలగలిగినవాడి ఓర్పును కదలలేనివాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

నా చిన్నప్పుడు మా నాయనకూ చిన్నాయనకూ ఒకటే కపిల బావి, ఎద్దులతో నీళ్లు తోడేది. వంతు దగ్గర మాట పెరిగి ఐదేండ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఒకే గుడిలో, ఒకే గిన్నెలో ప్రభువు బల్ల తీసుకునేవాళ్లు. "నేను సమాధానంగానే ఉన్నా" అనేవాడు మా నాయన. చిన్నాయన పిల్లలతో ఆడితే మాత్రం నాకు దెబ్బలు పడేవి. సంఘంలో ఒక్కరూ కదలలేదు. ఆఖరికి ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఒక ముసలమ్మ తెల్లారుజామున వచ్చి బావిగట్టు మీద కూర్చుంది. ఇద్దరూ వచ్చేదాకా లేవను అనింది. పొద్దెక్కినాక ఇద్దరూ వచ్చారు. వాక్యం ఎక్కువ చెప్పలేదామె. ఎవరికి ఏ రోజు నీళ్లు కావాలో అడిగి కొట్టం గోడ మీద బొగ్గుతో రాయించింది. సోమ, బుధ, శుక్ర మాకు. మంగళ, గురు, శని వాళ్లకు. ఆదివారం ఎవరూ కపిల కట్టగూడదు. ఆ గోడకు సున్నం కొట్టేటప్పుడు ఆ రాత మేర వదిలి కొట్టేవాళ్లం.

ఎందుకు చెబుతున్నానంటే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయం చూపించి "అన్యాయం సహించు" అని నిన్ను నొక్కుతారు. ఆ మాట ఉంది, నేను కాదనను. కానీ దానికి రెండు వచనాల ముందే పౌలు సంఘాన్ని సిగ్గుపడమంటున్నాడు: అన్నదమ్ముల తగువు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని. మీ సంఘపెద్ద నీకు ఓర్పు చెప్పే ముందు మీ అన్న ఇంటికి పోవాల.

మత్తయి 18 చెప్పిన వరస పాటించు. ముందు నువ్వొక్కడివే పో, ఒకరిద్దరిని తీసుకుని పో, ఆ తర్వాత సంఘానికి చెప్పు. పోయినప్పుడు పాత గొడవలు తవ్వొద్దు. వారానికి ఎన్ని గంటలు నీళ్లు, కరెంటు ఖర్చు ఎవరిది, మోటారు కాలితే ఎవరు ఎంత పెట్టుకోవాల, ఇవి కాగితం మీద రాసుకోండి. అప్పటికీ కుదరకపోతే లోక్ అదాలత్ ఉంది. కోర్టు ఫీజు ఉండదు, అక్కడి రాజీకి డిక్రీ విలువ ఉంటుంది. అక్కడికి పోతే విశ్వాసం తప్పినట్టు కాదు. ఎండాకాలం రాకముందే కదులు.

ప్రశ్న: మా నాయన వీలునామా రాయలేదు. ఇంటి భాగం అన్నలకు వదిలేస్తూ సంతకం పెట్టమంటోంది అమ్మ. నాకు ఇష్టం లేదు. "దేవుని బిడ్డవు, ఆస్తి అడుగుతావా" అంటోంది. - ఒక సోదరి, కడప

జవాబు: అమ్మా, సంఖ్యాకాండం 27. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. కొడుకులు లేని సెలోపెహాదు బిడ్డలు వీళ్లు. మోషే ముందూ సమాజమంతటి ముందూ నిలబడి నాయన స్వాస్థ్యం, అంటే ఆస్తిలో భాగం, అడిగారు. వాళ్లు చెప్పింది న్యాయమే అని దేవుడే అన్నాడు. నీకు అన్నలున్నారు కాబట్టి నీ సంగతి వేరు అంటారేమో. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టంలో, వీలునామా లేనప్పుడు, తల్లి భాగం పోను మిగిలింది కొడుకులకూ కూతుళ్లకూ సమానమే. ఇష్టపడి ఇస్తే అది నీ ప్రేమ. దేవుని పేరు చెప్పి రాయించుకుంటే దాన్ని అర్పణ అనలేం.

యెహోషువ 17 కూడా చూడు. ఆ ఐదుగురూ యాజకుడి ముందూ, మోషే తర్వాత నాయకుడైన యెహోషువ ముందూ మళ్లీ నిలబడి, దేవుడు ఆజ్ఞ ఇచ్చాడు కదా అని రెండోసారి అడగాల్సి వచ్చింది. ఈ రెండు అధ్యాయాలూ మీ అమ్మ పక్కన కూర్చుని మెల్లగా చదివి వినిపించు. అంతవరకూ సంతకం పెట్టొద్దు.