ఎకనామిక్స్ చదువంటే వట్టి వాదనలేనా?

ప్రశ్న: మాది పలాస. జీడిపిక్కల వ్యాపారం చేస్తుంటాను. మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీ రెండో సంవత్సరం. డిగ్రీలో ఎకనామిక్స్ తీసుకుంటానని పట్టుబట్టింది. టీవీలో ఒక ఆర్థికవేత్త నిరుద్యోగం తక్కువే అంటాడు, పక్కనున్నాయన కాదు ఎక్కువంటాడు. నిజమేదో వాళ్లకే తెలియని చదువుకి డబ్బు పెట్టడం అవసరమా? చుట్టాలంతా సీఏ గానీ బీబీఏ గానీ చేయించమంటున్నారు. టెన్షన్‌గా ఉందండి.

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. అయితే ఆ ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకోనక్కర్లేదు. 2023 జూలై నుంచి 2024 జూన్ వరకు జరిగిన కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వేలో 15 ఏళ్లు, ఆపై వయసువారికి నిరుద్యోగం 3.2 శాతం అని ఉంది. అదే సర్వేలో 4.9 శాతం అనీ ఉంది. మొదటిది సర్వేలో అడిగిన మనిషి ఏడాది మొత్తమ్మీద ఏం చేశాడన్న లెక్క. రెండోది గడిచిన ఏడు రోజుల లెక్క, అందులో ఏదో ఒక రోజు ఒక్క గంట పని దొరికినా అతను నిరుద్యోగి కాడు. పైగా ఈ శాతాలు మొత్తం జనం మీద తీసినవి కావు. పని చేస్తున్నవాళ్లు, పని కోసం చూస్తున్నవాళ్లు, అంతవరకే. శ్రీకాకుళంలో గది అద్దెకు తీసుకుని, పని వెతకకుండా గ్రూప్స్‌కి చదువుతున్న కుర్రాడు ఈ లెక్కలోకే రాడు. టీవీలో ఎవరికి కావలసిన అంకె వాళ్లు పట్టుకుంటారు, ఏ లెక్కో మాత్రం చెప్పరు.

ఇది మీకు తెలియని సంగతేం కాదు. పిక్కలు కొనేముందు గుప్పెడు తీసి, కోసి, పప్పు చూశాకే కదా ధర చెబుతారు. బస్తా పైనుంచి తీసిన గుప్పెడు ఒక మాట చెబుతుంది, అడుగునుంచి తీసింది ఇంకో మాట చెబుతుంది. శాంపిల్ ఎలా తీయాలన్న చదువంతా ఈ గొడవ గురించే.

మన వైపు లెక్కే ఒకటి చూడండి. 2011 జనాభా లెక్కల్లో అప్పటి శ్రీకాకుళం జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకు 1,015 మంది ఆడవాళ్లు, విజయనగరంలో 1,019. ఈ అంకె చూపించి "మన దగ్గర ఆడపిల్లలంటే ఎంత ప్రేమో" అని ఉపన్యాసాలిచ్చేవాళ్లున్నారు. అంకె నిజమే. కానీ అవే లెక్కల్లో ఆరేళ్లలోపు పిల్లల్ని విడిగా చూస్తే ఆడపిల్లలే తక్కువ! మరి పెద్దవాళ్లలో ఎందుకు ఎక్కువయ్యారు? ఆడవాళ్లు ఎక్కువకాలం బతకడం వల్ల కొంత. చెన్నైకో హైదరాబాద్‌కో కూలికెళ్లిన మగవాళ్లు అక్కడి లెక్కలో పడటం వల్ల కొంత. ఏది ఎంతన్నది తేలాలంటే వయసులవారీ పట్టికలు తిరగేయాలి. మీ అమ్మాయికి ఆ పట్టికలు చూడాలనిపిస్తే ఈ సబ్జెక్టు ఆమెదే. వాదనలో గెలవడమే ఇష్టమైతే లా చదివించండి.

కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు తగ్గుతాయని పాఠ్యపుస్తకాల్లో చెప్పేవారు. 1992లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం దాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది, పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, ఆలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు రెండుచోట్లా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లలో పెంపుకి ముందూ తర్వాతా ఎంతమంది పనిచేస్తున్నారో అడిగి రాసుకున్నారు. ఉద్యోగాలు తగ్గిన జాడ లేదు. వేరేవాళ్లు జీతాల రికార్డులు తెచ్చి అది తప్పన్నారు. 2021లో కార్డ్‌కి నోబెల్ వచ్చినా ఆ వాదన ఇంకా పూర్తిగా తెగలేదు. ఈ చదువులో వాదన ఉంటుందండీ, కాకపోతే ఎదుటివాడి లెక్క కొట్టేయాలంటే ఇంకో లెక్క తేవాలి.

ఇక దారుల సంగతి. ఎంఈసీలో మ్యాథ్స్ ఉండటం పెద్ద ఊరట. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్ కావాలంటే సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీలో మ్యాథ్స్ రాయాల్సిందే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఎంఏ ఉంది. ఇక్కడే డిగ్రీ చేస్తే స్టాటిస్టిక్స్ కలిసిన గ్రూపు చూడండి, పీజీకి ఆంధ్రా యూనివర్సిటీ దగ్గరే. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కి ఎకనామిక్స్‌లో పీజీ తప్పనిసరి, పోస్టులు తక్కువ, దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. ఉత్త బీఏతో ఆపేస్తే ఉద్యోగాలు అంతంతమాత్రం. ఐదేళ్ల ఖర్చుకి సిద్ధపడే దిగండి.

సీఏ అంటున్న చుట్టాలను ఒకటే అడగండి: మనకి తెలిసినవాళ్లలో చేరినవాళ్లెందరు, పూర్తి చేసినవాళ్లెందరు? బీబీఏ కాలేజీ ఫ్లెక్సీ మీద హైయెస్ట్ ప్యాకేజీ అని ఉంటే అది ఒక్క పిల్లాడి జీతం. బ్యాచ్‌లో ఎంతమంది, అందులో ఉద్యోగం వచ్చింది ఎంతమందికి, జీతాల వరుసలో సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థికి ఎంత, ఒకరికి మూడు ఆఫర్లొస్తే ముగ్గురిగా రాశారా? కాగితం మీద ఇమ్మనండి. నోటిమాటకి ఫీజు కట్టొద్దు.

ఈలోగా అమ్మాయికో పని అప్పజెప్పండి. మీరు కొన్న 80 కిలోల బస్తా ధరలు సీజన్లవారీగా మీ పుస్తకాల్లో ఉంటాయి కదా. ఆఫ్రికా పిక్కలు దిగడం వల్లే ఇక్కడ ధర పడుతోందని రైతులంటారు. అది నిజమో కాదో ఆ పుస్తకాల్లోంచి తేల్చమనండి. పుస్తకాల్లో లేనిదేదో కూడా రాయమనండి. విసుక్కోకుండా కూర్చుంటే సీయూఈటీ ఫారం నింపేయండి.