పెరటి వైపు నుంచి మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి, పెద్దనాన్న ఆశీస్సులు.

పిల్లలను తీసుకుని వాషింగ్టన్ వెళ్తున్నావని, అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన జనరల్స్ ఇళ్ళు చూపించాలనుందని రాశావు. చాలా సంతోషం. రోజుకు ఒక్క ఇల్లే పెట్టుకో. మొదట ఆర్లింగ్టన్ హౌస్ చూడండి. దక్షిణాది సేనాని రాబర్ట్ ఈ. లీ కాపురమున్న ఇల్లు అది. మెట్రో దిగి సైనిక శ్మశానం గుండా కొండ ఎక్కాలి, నీళ్ళు పట్టుకెళ్ళు. దారిలో అంత్యక్రియలు జరుగుతూ ఉండవచ్చు. అల్లరి చేయవద్దని పిల్లలకు ముందే చెప్పు.

పైకి చేరగానే అందరూ ఆ పెద్ద స్తంభాల ముందు ఫోటోలకు నిలబడతారు. దగ్గరికి వెళ్ళి చూడు, పాలరాయిలా కనిపించేది ఉత్త రంగే. అక్కడ ఆగిపోకుండా తిన్నగా ఇంటి వెనక్కి నడువు. బానిసలు బతికిన గదులు అక్కడున్నాయి. సెలీనా గ్రే, ఆమె భర్త, ఎనిమిది మంది పిల్లలు ఒక్క గదిలోనే సర్దుకున్నారు. 1861లో లీ భార్య ఇల్లు విడిచి వెళ్తూ తాళాలు సెలీనా చేతికే ఇచ్చింది. జార్జి వాషింగ్టన్ కాలం నాటి వస్తువులు ఇంట్లోంచి మాయమవుతుంటే, అక్కడ దిగిన ఉత్తరాది సైన్యపు జనరల్‌నే ఆమె నిలదీసింది. ఎంత ధైర్యమో ఆలోచించు! పిల్లలకు ఆమె కథ తప్పకుండా చెప్పు.

ఆ తర్వాతే లోపలికి వెళ్ళండి. 1861 ఏప్రిల్ 20న లీ అమెరికా సైన్యానికి రాజీనామా రాసింది ఈ ఇంట్లోనే. ఎందుకు రాశాడని పిల్లలు అడుగుతారు. మాట దాటవేయకు. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయిన రాష్ట్రాల వైపు వెళ్ళాడని సూటిగా చెప్పు. పూలతోట పక్కన 2,111 మంది గుర్తుతెలియని సైనికుల సమాధి ఉంది, అదీ చూపించు. లీ కుటుంబం మళ్ళీ ఇక్కడ కాపురం పెట్టకూడదనే మెగ్స్ అనే ఉత్తరాది సైన్యాధికారి తోట చుట్టూ సమాధులు వేయించాడు.

ఏ మ్యూజియంలోనైనా ఒక ప్రశ్న అడగడం మరవకు: ఇందులో అసలుది ఏది, తర్వాత చేయించింది ఏది? 1865 ఏప్రిల్ 9న ఉత్తరాది సేనాని గ్రాంట్‌కు లీ లొంగిపోయింది వర్జీనియా రాష్ట్రంలోని అపోమాటక్స్ ఊళ్ళో, మెక్లీన్ అనే ఆయన ఇంట్లో. ఆ ఇంటిని 1893లో ఊడదీశారు, ఇప్పుడున్నది మళ్ళీ కట్టింది. గ్రాంట్ ముందున్న అసలు బల్ల వాషింగ్టన్‌లోనే, స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియం సేకరణలో ఉంది. లీ ముందున్న బల్ల షికాగోకు చేరింది. అపోమాటక్స్‌కు కారులో మూడు గంటలకు పైనే పడుతుంది. పొద్దున్నే బయలుదేరండి.

మీ పెద్దనాన్న