పెరటి ప్రశ్నలు: మబ్బుల మేపుల్‌కు పడమటి ఎండ పడదు

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాము. రెండేళ్ల క్రితం నర్సరీలో ‘ఉకిగుమో’ అనే వేరిగేటెడ్ (పచ్చటి ఆకుల్లో తెలుపు కలిసిన) జపాన్ మేపుల్ అంటు మొక్క కొని, ఇంటికి పడమటి వైపున నాటాము. వసంతంలో ఆకులు ముచ్చటగా వస్తున్నాయి కానీ, జులై వచ్చేసరికి తెల్లటి భాగాలన్నీ గోధుమరంగుకు తిరిగి కాగితంలా ఎండిపోతున్నాయి. రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాము. ఈ ఏడాది మధ్యలోంచి అంతా పచ్చటి ఆకులతో ఒక కొమ్మ లేచి, మిగిలిన కొమ్మలన్నిటినీ మించి పెరిగింది. మొక్క మొత్తంలో ఆరోగ్యంగా కనిపించేది ఆ ఒక్క కొమ్మే. దాన్ని ఉంచమంటారా, తీసేయమంటారా?

జవాబు: మీరు విడివిడిగా అడిగిన రెండు సమస్యలకూ మూలం ఒక్కటే, అది ఆ ఆకులోని తెలుపు. ఒక ఆకును తుంచి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. వేళ్లు విప్పిన అరచేతిలా ఉండే ఆ ఆకు మీద, ముగ్గుపిండి వేళ్ల సందుల్లోంచి జారిపడినట్టు సన్నని చుక్కలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి తెల్లని మరకలవుతాయి, లేత ఆకుల అంచుల్లో గులాబీ ఛాయ కూడా ఉంటుంది. ఉకిగుమో అంటే జపాన్ భాషలో తేలే మబ్బులని అర్థం. ఆ మబ్బులు ఉన్న మేరా ఆకులో పత్రహరితం లేదు, ఉన్నా చాలా తక్కువ. కాబట్టి అక్కడ మొక్కకు ఆహారం తయారు కాదు, తీవ్రమైన ఎండను తట్టుకునే శక్తి కూడా ఉండదు. మనం ముచ్చటపడి కొన్న అందమే ఆ మొక్కకు ఉన్న బలహీనత అని గుర్తుంచుకుంటే, మిగిలిన జాగ్రత్తలన్నీ దాని వెంటే తెలిసివస్తాయి.

పడమటి వైపున నాటిన మొక్క మీద మధ్యాహ్నపు ఎండ నేరుగా పడుతుంది, దానికి గోడ నుంచి వెలువడే వేడి తోడవుతుంది. ఆ స్థితిలో ఎన్ని నీళ్లు పోసినా ఆకు మాడడం పూర్తిగా ఆగదు. పైగా రోజూ తడుపుతూ ఉంటే వేళ్లకు గాలి ఆడక, అవి కుళ్లే ప్రమాదం ఉంది. నీరు పోసే ముందు వేలిని రెండు అంగుళాల లోతుకు దించి చూసి, అక్కడ తడి ఆరుతున్నప్పుడే మట్టి లోపలిదాకా నానేటట్టు పోయండి. అసలైన మందు మాత్రం చోటు మార్చడమే. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం నుంచి ఇంటి నీడ పడే తూర్పు వైపు దీనికి సరైన స్థలం. మరీ చీకటి మూల అయితే తెలుపు, గులాబీ రంగులు సరిగా తేలవు. నాటి రెండేళ్లే అయింది కనుక తరలించడం కష్టం కాదు; ఆకులన్నీ రాలిన తర్వాత గానీ, వసంతంలో మొగ్గలు విడవక ముందు గానీ, వేళ్ల చుట్టూ వీలైనంత మట్టిగడ్డతో తవ్వి తీయండి.

కొత్త గుంటలో నాటేటప్పుడు ఎక్కువ మంది చేసే తప్పు లోతుగా పూడ్చడం. కాండం కింద వెడల్పై వేళ్లుగా విడిపోయే భాగం మట్టి పైకి కనబడుతూ ఉండాలి. మీ నేల బంకమట్టి అయితే చుట్టుపక్కల నేల కంటే రెండు మూడు అంగుళాలు ఎత్తుగా నాటితే నీరు నిలవదు. పైన రెండు మూడు అంగుళాల మందాన బెరడు ముక్కలు పరవండి, అవి కాండాన్ని ఆనకుండా చూడండి. పచ్చికకు వేసే నత్రజని ఎరువు దీని పాదు దగ్గరికి రానివ్వకండి. అది పచ్చటి రెమ్మలను మరింత ఉసిగొల్పుతుంది.

ఇక ఆ పచ్చ కొమ్మ సంగతి. తీసేయవలసిందే. మనసొప్పడం కష్టమని నాకు తెలుసు, ఎందుకంటే మొక్కంతటిలో దిట్టంగా ఉన్న కొమ్మనే కోయమంటున్నాను. అయితే ఆకు ఆకంతా పత్రహరితంతో నిండిన ఆ కొమ్మ మిగిలినవాటికంటే ఎక్కువ ఆహారం తయారు చేసుకుని, వేగంగా ఎదిగి, కొన్నేళ్లలో తెల్ల కొమ్మలను నీడలోకి నెట్టేస్తుంది. చివరికి మీకు మిగిలేది మామూలు పచ్చ మేపుల్. కోసే ముందు ఆ కొమ్మ ఎక్కడ పుట్టిందో వెతకండి. ఈ రకాలను సాధారణంగా పచ్చ మేపుల్ విత్తన మొక్క మీద అంటు కడతారు. కాండం మొదట్లో కాస్త ఉబ్బుగా, బెరడు తేడాగా కనిపించేదే ఆ అతుకు. దాని కింద నుంచి వచ్చినది అడుగు మొక్క పిలక, ఇకముందు కూడా వస్తూ ఉంటుంది, లేతగా ఉన్నప్పుడే తుంచేయవచ్చు. అతుకు పైన పుట్టినది రంగు తప్పిన కొమ్మ. రెండింటినీ మొదలంటా కోయాలి, మొండి ముక్క మిగల్చకూడదు, తల్లి కొమ్మ బెరడును గాయపరచకూడదు. వసంతం తొలిరోజుల్లో కోస్తే మేపుల్ జాతి చెట్ల గాయం నుంచి రసం ధారగా కారుతుంది కనుక, వేసవిలో కనిపించిన వెంటనే తీయడం మేలు.

ఒకటి మాత్రం వేరుగా చూడండి. అంచులు మాడకుండానే ఒక కొమ్మ ఆకులన్నీ ఉన్నట్టుండి వాలిపోతే ఆ కొమ్మను అడ్డంగా కోసి చూడాలి. చెక్కలో ముదురు చారలుంటే అది వెర్టిసిలియం అనే నేల శిలీంధ్రపు తెగులు కావచ్చు. దానికి నయం చేసే మందు లేదు.

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాము. ఇలాంటి మొక్కను మా ఇంట్లో పెంచవచ్చా?

జవాబు: నేలలో వద్దు, కుండీలో పెంచండి. మీ ప్రాంతపు నేల మన నల్లరేగడి వంటిదే. తడిస్తే ఉబ్బి జిగటగా మారుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది, పైగా క్షార గుణం ఎక్కువ. జపాన్ మేపుల్‌కు కావలసినది కొంచెం ఆమ్ల గుణం ఉండి, నీరు ఇంకిపోయే మట్టి. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండకు కాగిపోతుంది కనుక లేత రంగు కుండీని ఎంచుకుని, ఉదయం ఒకటి రెండు గంటల ఎండ తగిలే చోట ఉంచండి. అక్కడి జులై, ఆగస్టుల్లో ఎంత నీడలో ఉంచినా కొన్ని ఆకులు మాడతాయి. చలికాలంలో గడ్డకట్టే చలిగాలులు వచ్చిన రోజుల్లో కుండీని గ్యారేజీలోకి జరపండి. నేలలోని వేళ్ల కంటే కుండీలోని వేళ్లకు చలి త్వరగా తగులుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు. వాళ్ల పెరట్లో ఈ చెట్టు చూసి మనసు పడ్డాను. హైదరాబాద్‌లోని మా మేడ మీద పెంచడానికి ఒక మొక్క తెచ్చుకోవచ్చా?

జవాబు: తెచ్చుకోవద్దని చెప్పడానికి బాధగానే ఉంది. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం, దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువీకరణ పత్రం లేకుండా బతికున్న మొక్కను దేశంలోకి తేకూడదు. తెచ్చినా ఇక్కడ నిలవదు. ఆకు రాల్చి నెలల తరబడి చలిలో నిద్రపోయి లేవడం ఈ చెట్టు స్వభావం. మన దగ్గర లంబసింగిలో కూడా ఆ చలి కొన్ని రాత్రులకే పరిమితం. హైదరాబాద్ మే నెల 40 డిగ్రీల ఎండను ఆ తెల్లని ఆకు ఒక్క వారం కూడా ఓర్చుకోలేదు.

ఆకులో తెలుపు మీదే మీ మనసు ఉంటే, మన నర్సరీల్లో తెల్ల అంచుల నందివర్ధనం, తెలుపూ గులాబీ కలిసిన ఆకుల మందారం దొరుకుతాయి. వాటిలో కూడా అప్పుడప్పుడు పూర్తి పచ్చ రెమ్మ లేస్తుంది. ఎడిసన్ పాఠకులకు చెప్పినట్టే, ఆ రెమ్మ జానెడు పొడవు కాకముందే మొదలంటా కత్తిరించండి.