ముందు పది కథలు అక్కర్లేదు, నవలే మొదలుపెట్టు

తమ్ముడూ,

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లు, బడికెళ్లే పిల్లలు. ఇందులో నవలకు తీరికెక్కడ, ముందు పది కథలు రాసి చెయ్యి తిరిగాక చూద్దామా అని అడిగావు. వద్దు. నీలాంటి సంసారికి కథకంటే నవలే వీలు.

రెండు వేల మాటల కథను దిద్దాలంటే మొదటి వాక్యం నుంచి చివరిదాకా ఒక్క బిగిన మనసులో పట్టాలి. అందుకు రెండు గంటలపాటు ఎవరూ పిలవకూడదు. నీ ఇంట్లో అది జరిగే పని కాదు. పైగా ప్రతి కథకూ కొత్త మనుషులు, కొత్త ఊరు, కొత్త ఎత్తుగడ. రాతలో ఎక్కువ కాలం తినేసేది ఆ ఎత్తుగడే. నవలలో ఆ ఖర్చు ఒక్కసారే. ఆ తర్వాత రోజూ అదే ఇంట్లోకి, అదే మనుషుల మధ్యకి వెళ్తావు. ముప్పావు గంట చాలు.

మొదటి నవల 40 వేల మాటలు దాటనక్కర్లేదు. చతుర మాసపత్రిక సంచికకో నవల వేసేది. ఆ పాత సంచికలు తిరగేస్తే చిన్న నవలలో ఎంత జీవితం పడుతుందో తెలుస్తుంది. రోజుకు 250 మాటలు, వారానికి ఐదు రోజులు రాస్తే 32 వారాలు. సంక్రాంతి, పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలు, జ్వరాలు కలుపుకుని ఏడాది వేసుకో. ఆదివారం మాత్రం రాయకు. ఆ ఒక్కరోజూ గదిలో కూర్చుని పిల్లల మీద విసుక్కుంటే, ఇంట్లో నీ నవల పేరెత్తితేనే పడకుండా పోతుంది.

తెల్లవారుజామున 5 నుంచి 5:45 దాకా పెట్టుకో. రాత్రిని నమ్ముకోకు, పిల్లలు పడుకునే వేళ రోజుకోలా ఉంటుంది, అప్పటికి నీకూ ఓపిక మిగలదు. నువ్వు రాసుకునేప్పుడు పాలు కాచడం, టిఫిన్ బాక్సులు సర్దడం మరదలి మీదే పడితే, నువ్వు వాడుకుంటున్నది ఆమె సమయం. బదులుగా రాత్రి అంట్లు, పిల్లల హోంవర్కు నీవి. ఈ మాట మొదటి రోజే అనుకోండి. పిల్లాడు లేచి వస్తే "రెండు నిమిషాలు ఆగరా" అనకు. మూసేసి వెళ్లు, పోయేది ఓ యాభై మాటలు.

ఇలా ముక్కలుగా రాసేటప్పుడు తెగిన చోట మళ్లీ అతికించడమే కష్టం. అందుకని చివరి ఐదు నిమిషాలు కొత్తగా ఏమీ రాయకు. తర్వాత ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారు, ఏం అనబోతున్నారు అన్నది రెండు వరుసల్లో పెట్టుకో. వాక్యాన్ని సగంలో ఆపినా మంచిదే. మర్నాడు చివరి పేజీ ఒక్కటే చదివి అందుకో. మొదటి నుంచి చదివితే దిద్దబుద్ధవుతుంది, ముప్పావు గంటా దానికే సరిపోతుంది.

పక్కన ఓ నోటుబుక్కు ఉండాలి. పాత్ర పేరు, కథ మొదలయ్యేనాటికి వయసు, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు. ఈ పిలుపుల దగ్గరే చాలామంది తడబడతారు. మూడో అధ్యాయంలో మేనత్త పదకొండులో పిన్ని అయిపోతుంది. ఒకచోట "మీరు" అన్న కోడలు ఇంకోచోట "నువ్వు" అంటుంది. అలా మారడానికి కథలో కారణం ఉంటే సరే, లేకపోతే పాఠకుడు అక్కడే పట్టేస్తాడు.

బస్సులో ఫోనుకు చెప్పి రాయించుకోవచ్చు, కానీ సంభాషణలకు వాడకు. "వస్తున్నడు" అంటే "వస్తున్నాడు" అని దిద్దేస్తుంది, మనిషి యాస పోతుంది. దృశ్యం గురించిన ఊహలకైతే సరిపోతుంది.

15 వేల మాటల దగ్గర నవల ఆగుతుంది. చాలామందికి ఇంచుమించు అక్కడే. తీరిక లేక ఆగిందని ఇంటి మీద నెట్టకు. చాలాసార్లు అసలు కారణం వేరు: నీ ముఖ్యపాత్రకు కావలసింది దొరికిపోయి ఉంటుంది, లేదా ఏం కావాలో నువ్వే మరిచిపోయి ఉంటావు. అందుకే మొదలుపెట్టకముందే వాడికేం కావాలి, అడ్డం ఎవరు అన్నది ఒక్క వాక్యంలో, ఆఖరి దృశ్యం ఐదు వరుసల్లో రాసి నోటుబుక్కు మొదటి పేజీలో అంటించు. ఆగినప్పుడు అది తీసి చదువు, అడ్డాన్ని ఇంకాస్త పెంచు.

మొదటి అధ్యాయం నాకు పంపకు. చదివి నేనేదో అంటాను, నువ్వు దాన్నే ఆరు నెలలు దిద్దుతావు. ఆ 15 వేలు దాటాక పంపు, అన్నీ పక్కనబెట్టి చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య