టర్బో బూస్ట్ పెంచాక పెట్రోల్ చాలకపోతే ముందు ఏం మార్చాలి?

నరసాపురంలో పోర్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ని సిలిండర్‌లోకి కాక గాలి దారిలో చిమ్మే) టర్బో కారుకి బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, 1 బార్ చేశారు, పై ఆర్‌పీఎంలో లీన్ అవుతోంది (గాలికి తగ్గ పెట్రోల్ అందట్లేదు), పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు మార్చాలా అని ప్రశ్న.

తొందరపడకండి, ముందు ట్యాంకులోని ఫ్యూయెల్ పంపు సంగతి చూడండి. రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి పెట్రోల్ అందించే గొట్టంలో ఒత్తిడి) 3 బార్ ఉండి, దాన్ని అదుపు చేసే రెగ్యులేటర్‌కి బూస్ట్ గొట్టం తగిలించి ఉంటే, ఫుల్ బూస్ట్‌లో గేజి 4 చూపాలి. అక్కడ పడిపోతుంటే పెద్ద ఇంజెక్టర్లు వేసినా దండగే. లోడ్ మీద పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజి కొలవండి. 13.5 వోల్టులు రావాల్సిన చోట 12 కూడా లేదంటే వైరు సన్నదై ఉండాలి, లేదా ఉప్పుగాలికి ఎర్త్ లగ్గు (ఎర్త్ వైరు చివర బిగించే లోహపు ముక్క) చిలుం పట్టి ఉండాలి. లగ్గు గీకి, బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలేతో మందపాటి వైరు లాగండి. చాలాసార్లు జబ్బు ఇక్కడే ఉంటుంది.

ప్రెషర్ నిలబడ్డాకే ఇంజెక్టర్లు: 200 హార్స్‌పవర్, నాలుగు సిలిండర్లు, 80 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరుచుకుని ఉండే సమయం వాటా) అయితే ఒక్కోటి నిమిషానికి సుమారు 400 సీసీ. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్)కి ఇంకో 8 శాతం కలుపుకోండి. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ట్యూన్ చేయించేదాకా ఫుల్ త్రాటిల్ తొక్కొద్దు.