స్వేచ్ఛగా నిలబడే తొట్టెనా, విడి తొట్టా?

సందేహం: కొండాపూర్‌లో ఇల్లు కట్టుకుంటున్నాం. పైఅంతస్తు బాత్రూంలో గోడకు ఆనకుండా నేలమీద నిలిచే టబ్బు పెట్టాలని మా కోరిక. షోరూంవాళ్లిచ్చిన తెలుగు కరపత్రంలో దాన్ని ‘స్వేచ్ఛగా నిలబడే స్నాన తొట్టె’ అని రాశారు. అది చదివి మా మామయ్య ‘అయితే దీన్ని ఎటంటే అటు జరుపుకోవచ్చన్నమాట’ అన్నారు. మా అత్తమ్మేమో ‘గోలెం అంటే సరిపోదా’ అంటున్నారు. మేస్త్రీకి, ప్లంబర్‌కి ఏం కావాలో తెలుగులో కాగితం మీద రాసివ్వాలి. దీన్ని ఏమనాలి? తొట్టి సరైనదా, తొట్టె సరైనదా? ఇందులో చేసే స్నానాన్ని ‘నీళ్లు పోసుకోవడం’ అనొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ మామయ్యగారు సరిగ్గానే చదివారు. తప్పు కరపత్రానిది; ఇంగ్లిషు ‘ఫ్రీస్టాండింగ్’ను మాటకు మాట దించేశారు. స్వ, ఇచ్ఛ కలిస్తే స్వేచ్ఛ; తన ఇష్టం తనది కావడం. ఇష్టాయిష్టాలున్న ప్రాణికి ఆ మాట తగులుతుంది గానీ తొట్టికి తగలదు. పైగా ‘స్వేచ్ఛగా’ అనగానే కట్టుబాటు లేని కదలిక మనసులోకి వస్తుంది. ఆయనకు ‘జరుపుకోవచ్చు’ అనే అర్థం తోచింది అందుకే. ఇంగ్లిషులో ‘ఫ్రీ’ ఒక్కటే చేసే పనిని తెలుగులో వేరువేరు మాటలు చేస్తాయి. డబ్బు తీసుకోకపోతే ఉచితం, పని లేకపోతే తీరిక, అడ్డుచెప్పేవాళ్లు లేకపోతే స్వేచ్ఛ, దేనికీ అంటుకోకుండా ఉంటే విడి. మీకు కావలసింది ఈ చివరిది.

దండ గుచ్చనివి విడిపూలు. ప్యాకెట్టులో కాకుండా కొలిచి పోసేది విడి నూనె. గోడను విడిచి నిలిచేది విడి తొట్టి. దీని పక్కన రెండో రకానికీ ఒక పేరుంటే మేస్త్రీకి అయోమయం ఉండదు. గోడల మధ్య ఇరికించి, ముందువైపు ఇటుక కట్టి, పైన టైల్స్ అంటించే రకాన్ని ‘కట్టుడు తొట్టి’ అనండి. కట్టుడు బావి, కట్టుడు పళ్లు అని వాడుతూనే ఉన్నాం కదా. విడి, కట్టుడు అనే రెండు మాటలు చాలు, ఏది ఏదో తేలిపోతుంది.

మామయ్యగారికి ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. విడిగా నిలిచినంత మాత్రాన అది కుర్చీలాగా జరిగేది కాదు. నాలుగు వైపులా నునుపు చేసి ఉంటుంది కాబట్టి ఎటునుంచి చూసినా బాగుంటుంది, అంతే. నీళ్లు బయటికి పోయే పైపు నేలలో ఒకచోట పాతుకుని ఉంటుంది. ఆ చోటు టైల్స్ వేయకముందే, వీలైతే స్లాబుకు ముందే తేల్చుకోవాలి. గోడకూ తొట్టికీ మధ్య బెత్తెడు సందు వదిలితే చెయ్యి దూరదు, మురికి పేరుకుంటుంది. జానెడైనా వదలమని రాయండి. ‘కొంత ఖాళీ’ అని రాస్తే ఎవరి కొంత వాళ్లది. జానెడు అంటే మేస్త్రీ చెయ్యి చాపి కొలుస్తాడు.

తొట్టి భాగాలకు పేర్లు మీరడగలేదు గానీ, కాగితంలో అవి రాయక తప్పదు కాబట్టి చెబుతాను. నాకు ఇష్టమైన సంగతి కూడా ఇదే. అడుగున నీళ్లు పోయే కంత, అంచుకు కాస్త కింద నీళ్లు పొర్లిపోకుండా కాచే కంత, ఈ రెంటికీ తెలుగులో కొత్త మాటలు పుట్టించనక్కర్లేదు. చెరువు దగ్గరికి వెళ్తే చాలు. కుతుబ్‌షాహీల కాలపు హుస్సేన్‌సాగర్ మొదలు ఊరి చివరి కుంట దాకా, మన చెరువులకు కట్ట, తూము, అలుగు ఉంటాయి. కావలసినప్పుడు నీళ్లు వదిలేది తూము. నిండి మిగిలిన నీళ్లు తనంతట తానే దాటించేది అలుగు. తెలంగాణలో దీన్నే మత్తడి అంటారు. వానలు బాగా పడ్డ ఏడాది ‘చెరువు మత్తడి దుంకింది’ అని ఎంత సంబరంగా చెప్పుకుంటారో మీకు తెలిసే ఉంటుంది. తొట్టికీ సరిగ్గా ఈ రెండే కావాలి. అడుగున తూము, పక్కన అలుగు. ప్లంబర్ నోట వేస్ట్, ఓవర్‌ఫ్లో అనే మాటలే వస్తాయి, అవి రాసినా తప్పు కాదు. కానీ పని చేసేవాళ్లలో చాలామంది చెరువున్న ఊళ్లనుంచి వచ్చినవాళ్లే. ‘తూము ఇక్కడ, అలుగు ఇక్కడ’ అంటే చటుక్కున పట్టుకుంటారు.

నల్లా సంగతి మీకు చెప్పక్కర్లేదు. కోస్తావాళ్లు కొళాయి, పంపు అన్నా హైదరాబాదులో నల్లా అనే రాయండి.

కాళ్లున్న పాతకాలపు రకం కొనాలనుకుంటే పేరు దగ్గర కాస్త జాగ్రత్త. మంచం కాలును కోడు అంటాం, బహువచనం కోళ్లు. మాట చక్కనిదే. అయితే ‘కోళ్ల తొట్టి’ అని రాస్తే కోడిపెట్టలకు నీళ్లు పెట్టే తొట్టి అనుకుంటారు. ‘కాళ్ల తొట్టి’ అంటే కాళ్లు కడుక్కునేది అనిపిస్తుంది. రెండూ వదిలేసి ‘కాళ్లున్న విడి తొట్టి’ అనండి.

ఇక తొట్టి, తొట్టె. రెండూ వాడుకలో ఉన్నవే, ఏదీ తప్పు కాదు. హైదరాబాదులో మాత్రం నేను తొట్టి వైపే మొగ్గుతాను. తెలంగాణలో తొట్టెల అంటే ఉయ్యాల. బోనాల పండక్కి వెదురు పుల్లలు, రంగు కాగితాలతో కట్టి అమ్మవారికి సమర్పించేవి తొట్టెలు. ‘బాత్రూంలో తొట్టె’ అంటే వినేవాళ్లకు ఒక్క క్షణం ఉయ్యాల మెదులుతుంది. తొట్టికి బహువచనం తొట్లు.

‘స్నాన తొట్టె’లో ఇంకో చిక్కుంది. సంస్కృత పదాన్ని ‘స్నాన’ అని అలాగే ఉంచి అచ్చతెలుగు మాటకు అతికించడాన్ని పాత వ్యాకర్తలు వైరి సమాసం అన్నారు. ఆ పట్టింపు నేడు అంత లేదు, నాకూ లేదు. కానీ చెవికి ‘స్నానపు తొట్టి’ ఎంత సాఫీగా ఉందో చూడండి. చివరి ‘ము’ స్థానంలో పు, ంపు వస్తాయని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పాడు; సరసపు మాట, సరసంపు మాట అలా వచ్చినవే. ముత్యపు చిప్పలోనూ ఆ ‘పు’నే చూస్తున్నాం. ‘స్నానాల గది’ పద్ధతిలో ‘స్నానాల తొట్టి’ అన్నా చెల్లుతుంది. ఇంట్లో మీ అత్తమ్మగారు ‘తానం తొట్టి’ అంటే అది కూడా మేలిమి తెలుగే. స్నానానికి వికృతి తానం, తెలంగాణలో నిత్యం వినిపించే మాట.

విడి, స్నానపు రెండూ కలిపి ‘విడి స్నానపు తొట్టి’ అనకండి, విడి అన్నది స్నానానికి అంటుకుంటుంది. మొదటిసారి ‘గోడకు ఆనకుండా నిలిచే స్నానపు తొట్టి’ అని విప్పి రాసి, తర్వాత ‘విడి తొట్టి’ అంటే సరిపోతుంది. నోటి మాటగా టబ్బు అనండి, సంకోచం వద్దు. బస్సు, కప్పు లాగే టబ్బు కూడా హల్లును ద్విత్వం చేసుకుని, ఉకారం తెచ్చుకుని, టబ్బులో, టబ్బుకి, టబ్బులు అంటూ మన విభక్తులన్నీ పట్టేసింది.

గోలెం గురించి అత్తమ్మగారి ఆలోచన తీసిపారేసేది కాదు. గోలెమూ నేలమీద విడిగా నిలిచేదే. కానీ అది గుండ్రంగా, లోతుగా ఉండి నీళ్లు నిలవచేసేది. అందులోంచి చెంబుతో ముంచుకుంటాం, మనం దిగం. నీళ్లకోసం కట్టుకునే హౌజు కూడా అంతే. పొడుగ్గా, నోరు వెడల్పుగా, మనిషి కాళ్లు చాపుకునేలా ఉన్నదానికి తొట్టే తగిన పేరు.

కాగితంలో బరువు దగ్గర కూడా మాట తేడా రాకూడదు. కరపత్రాల్లో సాధారణంగా ఖాళీ తొట్టి బరువే ఇస్తారు. మీరు ‘ఖాళీ బరువు’, ‘నిండు బరువు’ అని రెండు వరుసలు రాయండి. 1700 మిల్లీమీటర్ల పొడవు, 800 వెడల్పున్న అక్రిలిక్ తొట్టి 50 కిలోలనుకుందాం. అందులో 250 లీటర్ల నీళ్లంటే 250 కిలోలు, మనిషి 70 కిలోలు. మొత్తం 370. అది ఆక్రమించే చోటు చదరపు మీటరున్నర కూడా లేదు, అంటే చదరపు మీటరుకు 270 కిలోల పైమాటే. ఇళ్లలో బాత్రూం స్లాబు మీద వచ్చిపోయే భారాన్ని (మనుషులు, సామాను లాంటివి) భవనాల భారాలకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లుగా, దాదాపు 200 కిలోలుగా లెక్కిస్తుంది. పోత ఇనుముదైతే ఖాళీ తొట్టే 100 కిలోలు దాటుతుంది. పైఅంతస్తు అంటున్నారు కాబట్టి ఇంజినీరుకు నిండు బరువు ముందే తెలియాలి. నీళ్ల సంగతీ చూసుకోండి: నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్రభుత్వ ప్రమాణం, తొట్టి ఒక్కసారి నింపితే దాదాపు ఇద్దరి వాడకం అయిపోతుంది. అన్నట్టు, ‘తొట్టి నిండింది’ అనండి, ‘నిండుకుంది’ అనకండి. బియ్యం నిండుకున్నాయంటే అయిపోయాయని అర్థం.

చివరి ప్రశ్న. ‘నీళ్లు పోసుకోవడం’ చెంబుతో చేసే స్నానం. తొట్టిలో ఎవరూ పోసుకోరు, నీళ్లలో ఉంటారు. అదీగాక పలుకులో అది ‘నీళ్లోసుకోవడం’ అయితే కడుపుతో ఉన్నట్టు అర్థం వస్తుంది, కొత్త కోడలు ఫోన్లో ఆ మాటంటే పుట్టింట్లో స్వీట్లు పంచుతారు. ‘మునక’ నదికీ కోనేటికీ చెందింది. కావ్యాల్లో రాణులు చేసింది జలకమాడటం. అందమైన మాట, పిల్లలు తొట్టిలో నీళ్లు చిమ్ముకుంటూ ఆడుతుంటే ‘జలకాలాడుతున్నారు’ అని హాయిగా అనొచ్చు. పెద్దవాళ్ల విషయంలో ‘టబ్బులో స్నానం చేస్తున్నారు’ అన్నదే సహజం.