యాక్సిడెంట్ కేసులో త్రీడీ యానిమేషన్ చెల్లుతుందా?

ప్రశ్న: హైదరాబాద్-విజయవాడ హైవే మీద సూర్యాపేట దగ్గర రాత్రిపూట మా తమ్ముడి బైకును లారీ గుద్దింది. తమ్ముడు చనిపోయాడు. పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో ఓ.పి. (పిటిషన్) వేశాం. మావాడే డివైడర్ సందులోంచి ఉన్నట్టుండి అడ్డం వచ్చాడని ఇన్సూరెన్స్ కంపెనీ కౌంటర్ వేసింది. పెట్రోల్ బంకు సీసీ కెమెరాలో కొంత పడింది. ప్రమాదం ఎలా జరిగిందో త్రీడీ యానిమేషన్ చేసిస్తాం, లక్షన్నర ఇవ్వమని ఒక స్టూడియోవాళ్లు అడుగుతున్నారు. కోర్టు ఒప్పుకుంటుందా? – ఒక పాఠకుడు

జవాబు: ఒప్పుకోవచ్చు. కానీ స్టూడియో కుర్రాడొక్కడే బోనెక్కితే లాభం లేదు. 'ఈ వేగం ఎక్కణ్నుంచి వచ్చింది?' అని అవతలి వకీలు ఒక్క ప్రశ్న వేస్తే, 'పార్టీవాళ్లు చెప్పారు' అనడం తప్ప అతని దగ్గర జవాబుండదు.

యానిమేషన్ తనంతట తాను దేన్నీ రుజువు చేయదు. సాక్షి చెప్పేదాన్ని జడ్జిగారి కళ్లకు కట్టడమే దాని పని. కాబట్టి ముందు సాక్షి కావాలి: ప్రమాదాలను లెక్కగట్టి చెప్పగల ఇంజనీరు. భారతీయ సాక్ష్య అధినియం 2023లో సెక్షన్ 39 కింద అతను నిపుణుడు. సెక్షన్ 45 ప్రకారం తన అభిప్రాయానికి ఆధారాలేమిటో కూడా చెప్పవచ్చు. యానిమేషన్ అక్కడ ఇముడుతుంది. 'ఇది నా రిపోర్టులోని కొలతల ప్రకారమే ఉంది' అని అతను చీఫ్ అఫిడవిట్‌లో (తన సాక్ష్యం రాసిచ్చే ప్రమాణపత్రంలో) రాయాలి.

ఇలాంటి కేసులు ఎక్కువగా దెబ్బతినేది కొలతల దగ్గరే. పోలీసుల రఫ్ స్కెచ్ స్కేలుకు గీసింది కాదు. ఆ సందు మూసేయకముందే, రోడ్డు మీద కొత్త తారు పడకముందే వెళ్లి టేపుతో కొలిపించండి: రోడ్డు వెడల్పు, సందు వెడల్పు, కిలోమీటరు రాయి నుంచి గుద్దిన చోటు దాకా దూరం. పంచనామాలో టైరు జారిన గీత పొడవు రాశారేమో చూడండి. ఉదాహరణకు 18 మీటర్లు జారి, ఆ గీత చివర లారీ దానంతటదే ఆగిందనుకోండి. రోడ్డు పట్టు (టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణను చెప్పే అంకె) 0.7 అనుకుంటే బ్రేకు పట్టేనాటికి వేగం గంటకు సుమారు 57 కిలోమీటర్లు. తడి ఉండి 0.5 అనుకుంటే 48. ఒక్క అంకె మారితే తొమ్మిది కిలోమీటర్ల తేడా. అందుకే మంచి నిపుణుడు ఒకే వేగం చెప్పడు, ఇంతనుంచి ఇంత అంటాడు. యానిమేషన్‌లో రెండూ చూపించమనండి. మనకు నచ్చినదొక్కటే చూపిస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో దొరికిపోతాం.

బంకు ఫుటేజీ సంగతి ఇంకా తొందర. డీవీఆర్‌లో (కెమెరా రికార్డింగ్ పెట్టెలో) పాతదాని మీద కొత్త రికార్డింగ్ ఎక్కిపోతుంది. మానిటర్ ముందు ఫోన్ పెట్టి తీసిన వీడియో ఇలాంటి లెక్కకు పనికిరాదు, ఫ్రేముల లెక్క చెడిపోతుంది. సెకనుకు 15 ఫ్రేముల కెమెరా అయితే 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే లారీ ఒక్కో ఫ్రేముకు 1.1 మీటరు కదులుతుంది. ఒక ఫ్రేము తప్పినా అంత దూరం పోయినట్టే. అసలు ఫైలే పెన్‌డ్రైవ్‌లో తీసుకుని, అదే సాక్ష్య అధినియంలోని సెక్షన్ 63(4) సర్టిఫికెట్ రాయించండి. పార్ట్ ఏ డీవీఆర్ చూసుకునే మనిషి సంతకం చేయాలి, పార్ట్ బీ నిపుణుడు. హ్యాష్ వాల్యూ (ఫైలు మారలేదని చూపే గుర్తింపు కోడ్) తప్పకుండా ఉండాలి. యానిమేషన్ ఫైలుకూ ఇలాంటి సర్టిఫికెట్ జతచేయండి. సర్టిఫికెట్ లేకపోతే ఇలాంటి కాపీని సాక్ష్యంగా తీసుకోరని అర్జున్ పండిత్‌రావ్ కేసులో 2020లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది.

వీడియోలో ఏముండకూడదో కూడా చెబుతాను. 2006లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఒక హత్యకేసులో యానిమేషన్‌ను అనుమతిస్తూ, అందులో శబ్దం, ముఖకవళికలు, రక్తం లేవన్న విషయాన్ని గమనించింది. ఆ తీర్పు మనకు కట్టుబాటు కాదు, కానీ తెలివైన దారి. మ్యూజిక్, అరుపులు, స్లోమోషన్ వద్దు. బొమ్మలు బూడిదరంగులో ఉంటే చాలు. రాత్రి వెలుతురు విషయంలో స్టూడియోవాళ్లు తరచూ పొరపాటు చేస్తారు: అందంగా కనబడాలని సీను వెలిగించేస్తారు. అప్పుడు లారీ డ్రైవరుకు బైకు నిజంగా కనిపించేదానికంటే ముందే కనిపిస్తుంది. మనకు కలిసొచ్చేదే అయినా అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు. హెడ్‌లైట్ వెలుగు ఎంతవరకు పడుతుందో, డ్రైవరు కన్ను ఎంత ఎత్తున ఉంటుందో అడిగి పెట్టించండి.

ఇంతకీ లక్షన్నర పెట్టాలా? ట్రిబ్యునల్లో నేరకేసంత రుజువు అక్కర్లేదు, సంభావ్యత ఎటు మొగ్గిందో చూస్తారు. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, కళ్లారా చూసిన సాక్షి ఉంటే చాలాసార్లు సరిపోతుంది. మీ కేసులో గొడవంతా బైకు ఎటునుంచి వచ్చిందన్న దగ్గరే. 20 లక్షలు వచ్చేచోట మీవాడి తప్పు 40 శాతమని తేలితే 8 లక్షలు పోతాయి. ఆ లెక్కన ఖర్చు దండగ కాదు, అయితే స్టూడియోకు కాదు, ముందు ఇంజనీరుకు పెట్టండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 169(3) కింద ట్రిబ్యునల్ తానే ప్రత్యేక జ్ఞానం ఉన్నవారి సాయం తీసుకోవచ్చు. అలా కోరుతూ పిటిషన్ వేయండి, దానికి ఒప్పుకుంటే మీ ఖర్చూ తగ్గవచ్చు.

యానిమేషన్ ఫైలు, దాన్ని తయారుచేసిన ప్రాజెక్టు ఫైలు కాపీ అవతలివారికి ముందే ఇచ్చేయండి. ముఖ్యమైన ఆరేడు ఫ్రేముల ప్రింట్లు కూడా ఎగ్జిబిట్లుగా వేయండి. తీర్పు రాసేటప్పుడు జడ్జిగారి బల్ల మీద ఉండేవి ఆ కాగితాలే.